ఆపదకు దాచిన రూపాయి: జీతం, వెలి, పొదుపు

కూలోళ్ళకి రేపటి చింత ఉండదు, చేతిలో నాలుగు డబ్బులు పడితే సారాకో జాతరకో తగలేస్తారు అనే మాట వినని దళితుడు ఉండడు. ఒకప్పుడు దొర అన్నాడు, షావుకారు అన్నాడు. తర్వాత అభివృద్ధి పథకాలు మోసుకొచ్చిన అధికారి కూడా అదే మాట కాస్త మర్యాదగా అన్నాడు. పేదరికానికి కారణం కూలిలోనూ భూమిలోనూ కాకుండా కూలివాడి గుణంలో ఉందని చెప్పడానికి ఇంతకంటే సులువైన మాట దొరకదు. ఈ మాటను చరిత్ర ముందు నిలబెట్టి చూడాలన్నదే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

మాలపల్లెల్లో, మాదిగవాడల్లో పొదుపు ఎప్పుడూ ఉంది. అయితే అది బ్యాంకు పుస్తకంలో కనిపించదు. అమ్మమ్మల కొంగుముడిలో, అటక మీద ముంతలో, తెలంగాణలో గల్లగురిగి అనే మట్టిపాత్రలో కనిపిస్తుంది. కాళ్ళ కడియాలు సింగారానికే కాదు, కష్టకాలంలో కుదువకు పనికొచ్చే వెండి. ఇతరుల మేకను పాలుకు మేపి పుట్టిన పిల్లల్లో ఒకటి తెచ్చుకుంటే, అది ఆస్పత్రి ఖర్చుకు దాచుకున్న డబ్బే. చావింటికి బంధువులు తెచ్చే బియ్యం, పెళ్ళిలో చదివించే రూపాయలు కూడా ఒకరి ఆపదకు పదిమంది దాచిపెట్టిన సొమ్మే. ఇవాళ మనం ఇస్తాం, రేపు మనకు వస్తుంది.

తిండి చాలని ఇంట్లోనూ ఈ క్రమశిక్షణ ఎంతగా ఉండేదో చెప్పడానికి దోర్నకల్ డయాసిస్ సాక్ష్యం ఉంది. 1912లో వి.ఎస్. అజరయ్య అక్కడ బిషప్ అయ్యారు. ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగలు. ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్ళు, వాటిని గుడికి తెచ్చి ఇచ్చేవాళ్ళు. రోజూ అరకడుపు తినేవాళ్ళు రోజూ పిడికెడు తీసిపెట్టారంటే, వీళ్ళకు పొదుపు నేర్పాలని బయల్దేరినవాళ్ళు కొంచెం ఆగి ఆలోచించాలి. కాకపోతే ఆ పిడికెళ్ళు గుడి నడవడానికి పోయాయి గానీ ఇంటి ఆపదకు నిధిగా మారలేదు.

మరి ఈ కడియం, ఈ మేక, ఈ ముంత ఎందుకు చాలలేదు? కూలిని లెక్కగట్టేదే మిగులు లేకుండా కాబట్టి. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో ఈ లెక్క బాహాటంగా కనిపించింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సలహాతో కరువు పనుల్లో మగమనిషి రోజుకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా అయింది. ఎండలో మట్టి మోసే మనిషికి ఇది ఒంటికే చాలదు, ఇక దాపుడు మాటెక్కడ? కరువులో సర్కారు రాసిపెట్టి చేసిన పనిని మామూలు రోజుల్లో భూస్వామి రాయకుండానే చేశాడు.

మిగులు లేని ఇంటికి జబ్బో చావో పెళ్ళో వస్తే ఒక్కటే దారి మిగిలేది. దొర దగ్గరికి పోవడం. దొర డబ్బిస్తాడు, బదులుగా మనిషిని తీసుకుంటాడు. కోస్తాలో పాలేరన్నా, తెలంగాణలో జీతగాడన్నా, భగేలా అన్నా మూలం ఇదే. ఉగాదికో ఏరువాకకో జీతం మాట్లాడుకుంటారు. పేరుకు అది ఏడాది ఒప్పందమే. కానీ జ్వరమొచ్చి పనికి రాకపోతే నాగా, ఆ నాగా అప్పులో కలుస్తుంది. పండక్కి తెచ్చుకున్న ధాన్యానికి నాగు, అదీ కలుస్తుంది. తండ్రి పోతే కొడుకు వస్తాడు. తండ్రిని పూడ్చడానికి తెచ్చిన అప్పు కూడా ఆ కొడుకు మీదే. అంటే, ఇంట్లో ఆపద్ధనం లేకపోవడానికి చెల్లించిన ధర వడ్డీ ఒక్కటే కాదు, మనిషి వయసు. బడికి పోవాల్సిన పిల్లాడు గొడ్లెంట పోవడం ఈ లెక్కలోదే.

ఈ కట్టును తెంచడానికి చట్టాలు రాకపోలేదు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ చట్టం తెచ్చింది. 1976లో కేంద్రం వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేసి, 1975 అక్టోబర్ 25 నుంచే అది అమల్లో ఉన్నట్టు ప్రకటించింది. వెట్టి అప్పులన్నీ దానితో రద్దయ్యాయి. ఇది చిన్న విషయం కాదు. 1978లో విముక్తులకు పునరావాస పథకమూ మొదలైంది. అయితే చట్టం రద్దు చేసింది పాత అప్పును. విడుదలైన మనిషి ఇంట్లో మర్నాడు ఎవరికైనా జబ్బు చేస్తే డబ్బు ఎక్కడిది? భూమి లేదు గనక సహకార సంఘం అప్పివ్వదు. హామీ లేదు గనక బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వదు. ఊళ్ళో తెలిసిన తలుపు ఒక్కటే, నిన్న వదిలొచ్చిన తలుపు.

ఆపద అంటే అందరూ జబ్బూ చావూ అనుకుంటారు. దళితుడికి ఇంకో ఆపద ఉంది, అది ఊరే తెచ్చిపెట్టేది. హక్కు అడిగిన మర్నాడు పొలంలో పని ఉండదు. కొట్టులో ఉప్పు ఇవ్వరు. దారి మూసేస్తారు. దాన్నే వెలి అంటాం. 1927 మహాద్ పోరాటంలో చెరువు నీళ్ళు తాగినవాళ్ళకు ఈ దెబ్బ తగిలింది. బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్ట్ కమిటీలో అంబేద్కర్ సభ్యుడు. అంటరానివాళ్ళు తమ బతుకుతెరువు కోసం సవర్ణుల మీద ఆధారపడి ఉన్నందువల్ల బహిష్కరణ ఎంత బలమైన ఆయుధమో ఆ కమిటీ 1930 నివేదికలో గుర్తించింది. 1947లో 'రాష్ట్రాలు-మైనారిటీలు' అనే పత్రంలో అంబేద్కర్ బహిష్కరణను శిక్షించదగ్గ నేరం చేయాలన్నాడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టంలో సామాజిక, ఆర్థిక బహిష్కరణ అనే మాటలు చేరింది 2015 సవరణతో. ఆయన అడిగిన 68 ఏళ్ళకు.

మన దగ్గర 1991లో చుండూరులో ఆగస్టు 6 హత్యాకాండకు ముందు వెలి నడిచింది. పని పోయిన ఇళ్ళు రోజులు లెక్కపెట్టుకున్నాయి. అంతకుముందు 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపినప్పుడు జనం కట్టుబట్టలతో చీరాలకు నడిచారు. కారంచేడు శిబిరం చీరాలలో, చుండూరు శిబిరం తెనాలిలో ఎలా నిలిచాయో గుర్తు చేసుకోండి. ఏ ఇంటి ముంతా అన్ని రోజులకు సరిపోదు. ఊరూరా దళితులు, అభిమానులు పంపిన బియ్యం, చందాలే పొయ్యి వెలిగించాయి. చావింటికి బియ్యం తెచ్చే పాత ఆచారమే ఒక ఉద్యమానికి ఆపద్ధనమైంది.

ఇక్కడే మా అసలు మాట చెప్పాలి. దళితుడి ఇంట్లో పొదుపును రూపాయల్లో కొలిస్తే సగమే తెలుస్తుంది. ఎన్ని రోజులు పనికి పోకుండా దొరకు కాదని చెప్పగలడో ఆ రోజుల్లో కొలవాలి. కూలి పెంచమని అడిగిన మనిషి మూడోరోజు పిల్లల ఏడుపు విని పొలానికి వెనక్కి పోతే అది పిరికితనం కాదు, ముంత ఖాళీ కావడం. దొరకు ఆ సంగతి తెలుసు. అందుకే మిగులు లేకుండా కూలి కట్టాడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటతో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో కూలి ఆడవాళ్ళు ముందు నిలిచారు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో నిలవాలని రోజుకో రూపాయి పొదుపు ఉద్యమం అక్కడే పుట్టింది. కొంగుముడి మొదటిసారి పదిమంది కలిసి వేసిన ముడి అయింది. కానీ 1992లోనే నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ దారిలో పొదుపు క్రమంగా అప్పుకు అర్హతగా మారింది. ఆపదకు దాచిన రూపాయి చాలాచోట్ల అప్పుకు పూచీ అయి కూర్చుంది, అత్తకు పక్షవాతం వస్తే చేతికి రాలేదు. ఆ ఖాళీలోకి వారం వారం కిస్తీల మైక్రోఫైనాన్స్ కంపెనీలు జొరబడ్డాయి. ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ ఖర్చు కొంత తీర్చింది, నిజమే. మంచం పక్కన కూర్చున్న మనిషి పోగొట్టుకున్న కూలి, పట్నానికి దారిఖర్చు మాత్రం ఇంటి మీదే.

కాబట్టి పొదుపు చేయండి అని మన వాళ్ళకు చెప్పే ముందు రెండు ప్రశ్నలు వేయాలి. మిగిలేటంత కూలి ఇస్తున్నారా? దాచుకున్నది అడిగిన రోజు, పూచీకత్తు లేకుండా చేతికి వస్తుందా? ఈ రెండూ లేనిచోట పొదుపు మీద ఉపన్యాసం, దొర పాత మాటకు కొత్త చొక్కా తొడగడమే. భూమి, కూలి, మన సంఘాల చేతిలోనే ఉండే ఆపద నిధి, ఈ మూడూ వేరువేరు డిమాండ్లు కావు. పిడికెడు బియ్యం తీసిపెట్టిన అమ్మమ్మలకు పొదుపు తెలుసు. వాళ్ళకు దక్కనిది ఆ పిడికెడు మీద హక్కు.