రెండు అగ్గిపుల్లలు, ఒకే గుండిగ

కార్తీకం వచ్చిందంటే విశాఖలో ముడసర్లోవ చెట్ల కింద ఆదివారాలు చాప పరిచే చోటు దొరకదు. పెద్దలు గాడిపొయ్యి తవ్వి వండుతారు, పిల్లలు ఆడి ఆడి ఆకలేసినప్పుడు విస్తరి ముందు కూర్చుంటారు. స్కౌట్ దళం ఇంటివాళ్లను పిలిచి పెట్టే భోజనంలో ఈ వరస తిరగబడుతుంది. గరిటె పన్నెండేళ్ల కుర్రాడి చేతిలో ఉంటుంది. వడ్డనెప్పుడా అని చూడటం అమ్మానాన్నల వంతు.

ఈ అలవాటు ఇంగ్లండులో పుట్టినా, వెనక మన కంటోన్మెంట్లున్నాయి. స్కౌటింగు మొదలుపెట్టిన బేడెన్ పోవెల్ 1876లో కుర్ర సైన్యాధికారిగా ఇండియాకు వచ్చాడు. సిపాయిలను చిన్న చిన్న జట్లుగా విడదీసి, ఎవరి తిప్పలు వాళ్లు పడేలా తర్ఫీదివ్వడం ఇక్కడి కొలువులోనే చేసి చూశాడు. 1907 ఆగస్టులో 20 మంది పిల్లల్ని బ్రౌన్సీ దీవికి తీసుకెళ్లి అదే పద్ధతి పెట్టాడు. జట్టుకు ఇంత పిండి, బంగాళాదుంపలు, మాంసం, టీ ఇచ్చి, రాత్రికి బయట మీరే వండుకోండని పంపేవాడు.

మన దేశంలో 1909లో బెంగళూరులో మొదలైన స్కౌటింగు తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. మనవాళ్లను రానివ్వలేదు. 1916 ప్రాంతంలో అనీబిసెంట్, అరుండేల్ మద్రాసులో వేరే సంఘం పెట్టి కుర్రాళ్ల నెత్తిన తలపాగా చుట్టారు. విశాఖ అప్పుడు మద్రాసు కింద జిల్లా. ఉత్తరాదిన మాలవ్యా, కుంజ్రూ సేవాసమితి స్కౌట్లను నడిపారు. చివరికి విడివిడి సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. మొదటి జాతీయ జాంబోరీకి 1953లో హైదరాబాదే వేదిక.

తలపాగా చుట్టడం తేలికే, గుండిగ మార్చడమే కష్టం. హాస్టళ్లలో కులానికో వంటిల్లు, కులానికో పంక్తి నడిచిన రోజులవి. పెట్రోలు అనే ఆరేడుగురి జట్టుకు ఒకే గిన్నె, వంతొచ్చినవాడు వండాలి, మిగతావాళ్లు తినాలి అన్న నియమం కవాతు కన్నా, తాళ్ల ముడుల కన్నా గట్టి పాఠమని నా నమ్మకం. అందులోనూ వంటింటి గడప తొక్కని మగపిల్లలకు!

విశాఖలో ఇంకో తమాషా ఉంది. భారత్ స్కౌట్స్‌లో రైల్వే జోన్లకు రాష్ట్రాలతో సమానంగా సొంత సంఘాలున్నాయి. అందుకని 2003లో భువనేశ్వర్ కేంద్రంగా ఈస్ట్ కోస్ట్ జోన్ వచ్చాక, వాల్తేరు రైల్వే దళం ఆ జోన్ లెక్కలోకి వెళ్లింది, ఊళ్లో బడి దళం ఆంధ్రప్రదేశ్ లెక్కలోనే ఉండిపోయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నడిచిన ఊరు కనుక, పప్పు తాలింపుకు బెంగాలీల ఆవనూనా, మన నువ్వులనూనా అన్న తగువు కూడా పెట్రోలు లీడరే తీర్చుకోవాలేమో.

స్కౌట్లు మెట్టు మెట్టుగా రాసే పరీక్షల్లో ఒకటైన ద్వితీయ సోపాన్‌లో ఆరుబయట పొయ్యి అంటించడానికి రెండు అగ్గిపుల్లలకు మించి ఇవ్వరు. సముద్రపు గాలి కొట్టే ఊళ్లో అది మాటలు కాదు. గాడి నోరు గాలివాటుకు పెడితే మంట లోపలికి లాగుతుంది, అడ్డంగా తవ్వితే పొగంతా వంటవాడి మొహానికే. అడుగున కొబ్బరి పీచు, దానిమీద వేలంత లావు సరుగుడు పుల్లలు, అవి అందుకున్నాకే మొద్దులు. మొదట్లోనే మొద్దులు పేర్చినవాడికి రెండో పుల్ల కూడా ఖర్చవుతుంది. గుండిగ అడుగున బయటివైపు తడిమట్టి మెత్తితే మసి పట్టదు. ఈ కిటుకు మన అమ్మమ్మలకు ఏ స్కౌట్ మాస్టరూ నేర్పలేదు.

పై మెట్ల పరీక్షల్లో పాత్రల్లేని వంట ఉంటుంది. అక్కడ విశాఖ కుర్రాళ్లు పుస్తకం తెరవక్కర్లేదు, అరకు రైలెక్కితే చాలు. అరకులో పచ్చి వెదురు బొంగును కణుపు దగ్గర కోసి, ఉప్పూకారం పట్టించిన కోడిమాంసం దట్టించి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద తిప్పుతారు. చుక్క నూనె పడదు. బొంగులోని తడికే మాంసం ఉడుకుతుంది.

ఇంటివాళ్ల భోజనానికి మాత్రం అన్నం, పప్పు, ఓ కూర చాలు. అడుగంటిన అన్నాన్నీ అమ్మలు మెచ్చుకుంటారు కనుక వాళ్ల మార్కులు లెక్కలోకి రావు. తిన్నాక గిన్నెలు తోమడం, గాడి పూడ్చడం కూడా పెట్రోలు పనే. ఆ పూట అమ్మలెవరూ పీచు పట్టుకోకూడదు.