పడియూరు బావుల్లో రాళ్లు, వాటిని తవ్విన మనవాళ్లు

ఎప్పటిలాగే కాస్త పొడుగు ఉత్తరం. తీరికగా చదవండి.

పోయిన వారం కాంగేయం వైపు ఉండే సభ్యుడొకరు తన తోటలో దొరికిన రాయి ఫోటో పెట్టి, "ఇది ఓపల్ అవునా, ఎంత చేస్తుంది?" అని అడిగారు. ధర చెప్పడం మావల్ల కాదు. కానీ ఆ రాయి వచ్చిన నేలకు పెద్ద చరిత్ర ఉంది, అందులో మన పాలు కూడా ఉంది. అది చెబుతాం.

ఓపల్ అనే మాటే మన వైపు నుంచి పోయిందంటారు పండితులు. సంస్కృతంలో ఉపలం అంటే రాయి, అదే లాటిన్‌లో ఓపలస్ అయిందని. 79లో చనిపోయిన రోమ్ పండితుడు ప్లినీ తన గ్రంథం 37వ భాగంలో రత్నాల గురించి రాస్తూ, ఓపల్‌కు తల్లి భారతదేశమే అన్నాడు. నోనియస్ అనే సెనేటర్ దగ్గర 20 లక్షల సెస్టర్స్ విలువచేసే ఓపల్ ఉంగరం ఉందట. మార్క్ ఆంటొనీ దాని మీద కన్నేస్తే, ఆ మనిషి ఆస్తి అంతా వదిలి ఉంగరం ఒక్కటే పట్టుకుని పారిపోయాడట! అయితే ఆ కాలపు రోమ్ ఓపల్ చాలావరకు నేటి స్లొవేకియా గనులదని ఇప్పటివాళ్లు అంటున్నారు. వర్తకులు సరుకు ఎక్కడిదో నిజం చెప్పరు కదా, అప్పుడైనా ఇప్పుడైనా.

ఇక నల్లరాతిలో, అంటే గ్రానైటులో, ఓపల్ ఎలా వస్తుంది? గ్రానైటు భూమి లోపల కరిగిన ముద్దగా ఉండి మెల్లగా చల్లారి గట్టిపడుతుంది. ఓపల్ అలా పుట్టేది కాదు. రాయి గట్టిపడిన ఎన్నో కాలాల తర్వాత, పగుళ్లలో దిగిన నీరు రాతిలోని సిలికాను కొంచెం కొంచెంగా కరిగించుకుపోయి, సందుల్లో జిగురుగా వదిలిపెడుతుంది. అది ఆరి గట్టిపడితే ఓపల్. లోపల ఇంకా నీరు మిగిలే ఉంటుంది. ఆ సిలికా గోళాలన్నీ ఒకే సైజులో వరసగా పేరుకుంటేనే రంగులాడుతుంది. గ్రానైటు సందుల్లో దొరికేది ఎక్కువగా రంగులాడని జాతి, గాజు చుక్కల్లా అంటుకుని ఉంటుంది. నోట్లు పరీక్షించే ఊదా దీపం కింద అది పచ్చగా వెలిగితే, అందులో అణుమాత్రం యురేనియం ఉందని అర్థం. ఫోటో పెట్టిన సభ్యుడికి ఒక మాట: రాయిని ఎండలో పెట్టకండి, నీరు పోతే పగులుతుంది. ఏ బావిలో, ఎంత లోతున దొరికిందో చీటీ రాసి దానితోపాటే ఉంచండి. ఊరూ పేరూ లేని రాయి బీరువాలో ఉన్నా రోడ్డు మీద ఉన్నా ఒకటే.

కానీ కొంగునాడుకు పేరు తెచ్చింది ఓపల్ కాదు, బెరిల్. ఇది గ్రానైటుతోనే పుట్టేది. కరిగిన ముద్ద చల్లారుతూ చివరికి మిగిలిన నీళ్లలాంటి భాగం పగుళ్లలోకి దూరి, అక్కడ పెద్ద పెద్ద స్ఫటికాలు కడుతుంది. తెల్లటి చారల్లో స్ఫటికం, అభ్రకం, మధ్యలో ఆరు పలకల నీలిపచ్చ బెరిల్. మన తిరుప్పూరు–కాంగేయం దారిలోని పడియూరులో 1819–20లో ఒక తెల్లదొర గని నడిపి, ఏడాదిలో రెండువేలకు పైగా రాళ్లు తీశాడు. బెరిల్ మాటకు మూలం కూడా వైడూర్యమే. పాలీలో వేళురియ, గ్రీకులో బేరిల్లోస్. జర్మన్లు కళ్లజోడును బ్రిల్లె అనేది ఈ మాటనుంచే.

నొయ్యల్ ఒడ్డున కొడుమణల్‌లో తంజావూరు తమిళ విశ్వవిద్యాలయం వారు 1985 నుంచి తవ్వితే, సగం తొలిచిన పూసలు, పగిలిన ముక్కలు, తయారైన సరుకు అన్నీ దొరికాయి. బెరిల్, నీలం, స్ఫటికం ఈ చుట్టుపక్కలవే. అక్కడ ఆఫ్గనిస్థాన్ లాజవర్దం కూడా ఉంది. పోదనూరు జంక్షన్ పక్కనున్న వెళ్ళలూరులో 1842లో దొరికిన రోమ్ వెండి నాణేలు ఐదువందలు దాటాయి. రైల్వేలో ఉన్నన్నాళ్లూ ఆ జంక్షన్ మీదుగా ఎన్నిసార్లు పోయామో, ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు!

మన సభల్లో కొందరు "రోమ్‌కు రత్నాలు పంపింది మన తాతలే" అని మైకులో అంటుంటారు. అది మాకు నచ్చదు. కొడుమణల్ కుండపెంకుల మీద ఉన్నది తమిళ బ్రాహ్మీ అక్షరాలు. మనం విజయనగర కాలంలో, విశ్వనాథ నాయకుడు 1529లో మధురకు వచ్చిన రోజుల్లో, ఆ తర్వాతా ఇక్కడికి చేరినవాళ్లం. ఆ ఘనత తమిళ సోదరులది. ఒప్పుకుంటే మనకేం తక్కువ?

మనది వేరే ఉంది. కొంగునాట వాన తక్కువ, బావి లేకపోతే పంట లేదు. ఆ గట్టి రాతిలో బావులు తవ్వినవాళ్లలో ముఖ్యులు ఒడ్డెలు, ఇక్కడ బోయర్ అంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మగవాళ్లు ఉలి పెట్టి బండ చీల్చితే, ఆడవాళ్లు రాళ్లు తలమీద మోసి పైకి తెచ్చారు. బావి గోడలో తెల్లచార కనబడేది ముందు వాళ్లకే. కాంగేయం చంద్రకాంతమైనా, మధుర వైపు మేలూరు గ్రానైటైనా, చేయి పెట్టినవాళ్లలో వాళ్లు ఉన్నారు.

మన సంఘం చరిత్ర పుస్తకం ముసాయిదా చూశాం. మిల్లుల యజమానులకూ, పాళెయగాళ్లకూ పేజీలు ఉన్నాయి, ఫోటోలు ఉన్నాయి. కమ్మ, బలిజ, గవర, దేవాంగ అందరూ ఉన్నారు. బావి తవ్వినవాళ్లకు ఒక్క వాక్యం లేదు. అడిగితే "వాళ్లు మన సభ్యులు కారు కదండీ" అన్నారు. చందా రసీదు చూసి చరిత్ర రాస్తామా? తెలుగు మాటలు నిలబెట్టామని మనం దండలు వేసుకుంటాం, మన పిల్లలు తమిళంలో జవాబు చెబుతారు. వాళ్ల ఇళ్లలో బండకూ, పగులుకూ, చారకూ వేర్వేరు తెలుగు మాటలు ఇంకా ఉండొచ్చు. యంత్రాలు వచ్చాక ఆ పనీ పోతోంది.

పుస్తకం అచ్చుకు పోకముందే ఒక పని చేద్దాం. పడియూరు, కాంగేయం, మేలూరు పక్కల ఉన్న సభ్యులు తమ ఊరి బోయర్ పెద్దల దగ్గర కూర్చుని, రాతికి వాళ్లు వాడే మాటలు, తవ్విన బావుల పేర్లు వాళ్ల నోటితోనే చెప్పించుకుని ఫోనులో రికార్డు చేసి పంపండి. వాళ్లు ఒప్పుకుంటేనే. ఎత్తి రాసే పని మేము చూసుకుంటాం, గుమాస్తా చేతికి అది అలవాటే.