లైనక్స్ సర్వర్‌లో మోంగోడీబీ: స్థాపన సులభం, భద్రతే కీలకం

సమాచారాన్ని పట్టికలుగా కాక పత్రాల రూపంలో భద్రపరచే నోఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లలో మోంగోడీబీ విస్తృత వినియోగంలో ఉంది. 2009లో తొలిసారి విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్ని పత్రాలకూ ఒకే నిర్మాణం ఉండనవసరం లేదు. ఆసుపత్రి రికార్డులలో ఒక రోగికి రెండు ఫోన్ నంబర్లు ఉండి, మరొకరికి ఒక్కటీ లేకపోయినా ఇబ్బంది రాదు. ఉబుంటు వంటి లైనక్స్ సర్వర్‌లో దీనిని స్థాపించడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ తరువాతి అమరికలను ఉపేక్షించినప్పుడే ప్రమాదం.

2017 జనవరిలో ఈ ప్రమాదం ప్రపంచానికి ప్రత్యక్షంగా తెలిసింది. పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరచి ఉంచిన వేలాది మోంగోడీబీ సర్వర్లలోని సమాచారాన్ని దుండగులు చెరిపివేసి, బిట్‌కాయిన్ రూపంలో సొమ్ము చెల్లించాలని సందేశాలు ఉంచారు. చాలా సందర్భాలలో వారు సమాచారానికి నకలు తీసుకోనేలేదు. అటువంటి చోట సొమ్ము చెల్లించినా తిరిగి వచ్చేదేమీ లేదు.

స్థాపనకు ముందు యంత్రాన్ని పరిశీలించాలి. ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లపై 5.0 వెర్షన్ నుంచి ఏవీఎక్స్ సౌకర్యం తప్పనిసరి. అది లేని పాత యంత్రాలలో స్థాపన పూర్తయినట్లే కనిపించినా సర్వీసు ప్రారంభం కాదు. మెమరీలో ఒక జీబీ మినహాయించి, మిగిలినదానిలో సగాన్ని ఈ డేటాబేస్ తన క్యాష్ కోసం వాడుకుంటుంది. అంటే 8 జీబీ ఉన్న సర్వర్‌లో 3.5 జీబీ దానికే పోతుంది. అదే యంత్రంపై వెబ్‌సైట్‌ను కూడా నడిపేవారు దీనిని గమనించాలి.

2018 అక్టోబరులో సంస్థ లైసెన్సును మార్చింది. కొత్త లైసెన్సును ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఆమోదించలేదు. డెబియన్, ఫెడోరా తమ భాండారాల నుంచి మోంగోడీబీని తొలగించాయి. పాత ఉబుంటు విడుదలలలో 'మోంగోడీబీ' పేరుతో ఉన్న ప్యాకేజీ సంస్థ నిర్వహించేది కాదు. కాబట్టి ముందుగా సంస్థ ఇచ్చే డిజిటల్ తాళంచెవిని సర్వర్‌లో చేర్చి, తమ ఉబుంటు విడుదలకు సరిపోయే సంస్థ భాండారం చిరునామాను నమోదు చేయాలి. ఆ పిమ్మట ప్యాకేజీల జాబితాను తాజాపరచి 'మోంగోడీబీ-ఓఆర్‌జీ' అనే ప్యాకేజీని స్థాపించాలి. సర్వీసును ప్రారంభించడంతో పాటు, సర్వర్ పునఃప్రారంభమైనప్పుడు దానంతట అదే మొదలయ్యేలా అమర్చడం అవసరం.

ఇక్కడితో పని పూర్తయిందని భావించరాదు. తొలి స్థితిలో ఈ డేటాబేస్ ఎవరినీ పాస్‌వర్డ్ అడగదు. మోంగోష్ అనే కమాండ్ సాధనం ద్వారా 'అడ్మిన్' డేటాబేస్‌లో నిర్వాహక ఖాతాను సృష్టించి, అమరికల ఫైలులోని భద్రతా విభాగంలో అధికార తనిఖీని ఆన్ చేసి, సర్వీసును తిరిగి ప్రారంభించాలి. ఈ ఫైలులో ట్యాబ్ మీట వాడితే సర్వీసు మొరాయిస్తుంది. ఖాళీలు స్పేస్ మీటతోనే ఇవ్వాలి.

3.6 వెర్షన్ నుంచి డేటాబేస్ తన సొంత యంత్రం నుంచి వచ్చే అభ్యర్థనలనే స్వీకరిస్తుంది. అప్లికేషన్ మరో సర్వర్‌లో ఉంటే చాలామంది తొందరలో చిరునామా చోట నాలుగు సున్నాలు రాసి, లోకమంతటికీ తలుపులు తెరుస్తారు. దానికి బదులు డేటాబేస్ సర్వర్ అంతర్గత చిరునామాను మాత్రమే చేర్చి, 27017 పోర్టుకు అప్లికేషన్ సర్వర్ నుంచి మాత్రమే అనుమతి ఇచ్చేలా ఫైర్‌వాల్‌ను అమర్చడం ఉత్తమం. మోంగోడంప్ సాధనంతో తీసిన నకళ్లను వేరే యంత్రంలో దాచి, వాటిని తిరిగి ఎక్కించి చూడాలి. ఒక్కసారైనా ఎక్కించి చూడని నకలును నమ్మలేం.

తెలుగు సమాచారాన్ని భద్రపరచడానికి ప్రత్యేక ఏర్పాట్లేవీ అక్కరలేదు. యూటీఎఫ్-8 విధానం వల్ల మన లిపి యథాతథంగా నిలుస్తుంది. తెలుగు అక్షరక్రమంలో పేర్లను అమర్చే సదుపాయం కూడా ఉంది. అయితే ఇందులోని పాఠ్య అన్వేషణకు తెలుగు వ్యాకరణం తెలియదు. 'పుస్తకం' అని వెదికితే 'పుస్తకాలు' ఉన్న పత్రం దొరకకపోవచ్చు.