లెక్క చూసి క్షమించిన రాజు

ఒంగోలులో మా సంఘపు సండే స్కూల్లో చిన్నపిల్లల తరగతి నాది. ఆరాధన మొదలయ్యేలోపు చాపలు పరిచి, పాట పాడించి, కథ చెప్పి, బంగారు వాక్యం కంఠతా పట్టించాలి. ఇలాంటి తరగతి ఎలా పుట్టిందో ప్రతి సండే స్కూలు టీచరుకూ తెలిసి ఉండాలని నా కోరిక.

ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ పత్రిక నడిపేవాడు. జైలుకు వెళ్లి ఖైదీల బాగోగులు చూసేవాడు. చెడిపోయాక బాగుచేయడం కన్నా పసితనంలోనే దారి చూపడం మేలని అక్కడే ఆయనకు తోచింది. ఆ ఊరి గుండుసూదుల కార్ఖానాల్లో వారమంతా పనిచేసే పిల్లలు ఆదివారం వీధుల్లో పడి తిట్టుకుంటూ కొట్టుకుంటూ ఉండేవారు. వాళ్ల కోసం 1780లో థామస్ స్టాక్ అనే పాదిరితో కలిసి ఆదివారం బడి పెట్టాడు. పాఠం చెప్పే ఆడవాళ్లకు రోజుకొక షిల్లింగు ఇచ్చేవాడు. చేరడానికి మంచి బట్టలు, బూట్లు అక్కర్లేదు. ముఖం, చేతులు కడుక్కుని, తల దువ్వుకుని వస్తే చాలు. పేద పిల్లవాడి చేతనైనదే అడిగారు. దయ అంటే అదే.

ఆ బడిలోనే బెత్తమూ ఉండేది. కొందరు పిల్లలు పారిపోకుండా తల్లిదండ్రులు కాళ్లకు దుంగలు కట్టి పంపేవారట. మాట వినని వాణ్ణి రైక్స్ స్వయంగా ఇంటికి తీసుకెళ్లి, దెబ్బలు వేయించి, మళ్లీ బడికి తెచ్చేవాడని అక్కడ చదువుకున్నవాళ్లు పెద్దయ్యాక చెప్పారు.

దయకు ఇంకో ఉదాహరణ మా ఊళ్లోనే ఉంది. మా ఒంగోలుకు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో వచ్చారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి, కూడు దొరికేలా చేశారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం పెట్టి విశ్వాసాన్ని వెలగా అడగని ఈ సంగతి నా తరగతిలో తప్పక చెబుతాను.

క్షమాపణకు మాత్రం మత్తయి 18వ అధ్యాయంలోని అప్పుల కథే చెబుతాను. ఒక దేనారం ఆనాడు కూలివాడి రోజు కూలి. తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. కథలో రాజు తన దాసుడికి కొట్టేసిన అప్పు 10,000 తలాంతులు. బోర్డు మీద సున్నాలు పెట్టుకుంటూ పోతే ఆరు కోట్ల రోజుల కూలి తేలుతుంది. తోటివాడు ఆ దాసుడికి బాకీ పడింది నూరు రోజుల కూలి. దానికే ఆ దాసుడు తోటివాడి గొంతు పట్టుకున్నాడు. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక పిల్లలకు నేను వేరే నీతి చెప్పనక్కర్లేదు. ఈ కథ చెప్పే టీచరు చేతిలో బెత్తం ఉంటే, ఆ చెయ్యి గొంతు పట్టుకున్న దాసుడి చెయ్యే.

ఇంకో మాట. రాజు ముందు లెక్క చూశాడు, తర్వాతే కొట్టేశాడు. దెబ్బతిన్న పిల్లవాణ్ణి "పోనీలే, క్షమించెయ్" అని నోరు మూయిస్తే ఆ లెక్క చూడనట్టే. ముందు వాడు చెప్పేది పూర్తిగా వినాలి, జరిగింది తప్పేనని అందరి ముందూ ఒప్పుకోవాలి. క్షమించమని అడిగే హక్కు మనకు ఆ తర్వాతే వస్తుంది.