ఒక్కరే వచ్చారా?

1979లో, ఎండలు ఇంకా ముదరకముందు, ఓ గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి మద్రాసు సెంట్రల్ స్టేషన్లో ఒక్కదాన్నీ రైలు దిగాను. స్టేషనుకి ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రిలో మా అక్కయ్యకి ఆపరేషను. శుక్రవారం వస్తున్నానని బావగారికి ఉత్తరం రాసి, మనసాగక గురువారమే బండెక్కేశాను. బావగారేమో ఎవరో తెలిసినవాళ్ళింట్లో దిగారు. ఆ అడ్రసు రాసుకున్న కాగితం తెనాలిలో మా వంటింటి గోడమీద, క్యాలెండరు మేకుకి గుచ్చి భద్రంగా ఉండిపోయింది.

ఆ వేళప్పుడు ఆస్పత్రిలోకి రానివ్వరు. ఒక్క రాత్రే కదా, ఏ లాడ్జిలోనో గది తీసుకుని, పొద్దున్నే స్నానం చేసి వెళ్తే సరిపోతుందనుకున్నాను. చేతిలో డబ్బుంది. నాలుగు ముక్కలు అరవం వచ్చు. ఇంకేం కావాలి?

మొదటి లాడ్జి గుమాస్తా నన్ను చూడలేదు. నా వెనకాల ఎవరొస్తున్నారా అని చూశాడు. "ఒక్కరే వచ్చారా? మగవాళ్ళెవరూ లేరా?" అన్నాడు. లేరన్నాను. "గదుల్లేవమ్మా" అన్నాడు. అతని వెనక బోర్డునిండా తాళంచెవులు వేలాడుతూనే ఉన్నాయి! రెండో చోటా ఇదే వరస. మూడో చోట మాత్రం కాస్త వయసు మళ్ళినాయన, "తప్పుగా అనుకోకండమ్మా, ఒంటరి ఆడవాళ్ళకి ఇవ్వొద్దని యజమాని ఆర్డరు" అని ఉన్నమాట చెప్పేశాడు.

మళ్ళీ రోడ్డు దాటి స్టేషనుకే వచ్చి, ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో పెట్టెమీద చెయ్యేసుకుని కూర్చున్నాను. అక్కడి ఆయా తెలుగావిడే. నా గోడంతా విని, "ఇక్కడ టిక్కెట్టు చూపిస్తే చాలమ్మా, మొగుణ్ణి చూపించక్కర్లేదు" అని నవ్వింది.

ఆవిడ నవ్వుతూ అన్నా నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. రోడ్డుకి ఇవతల ఒక ధర్మం, అవతల ఇంకో ధర్మం ఎలా వచ్చాయి? ఆ తరవాత తీరిక చిక్కినప్పుడల్లా ఈ సంగతే పాత పుస్తకాల్లో వెతుక్కుంటూ వచ్చాను.

ముందు మన మాటతోనే మొదలుపెడతాను. మద్రాసులో సత్రాన్ని 'చౌల్ట్రీ' అంటారు కదా, అదేదో ఇంగ్లీషు మాట అనుకునేదాన్ని నేను. కాదట. మన 'చావడి'నే దొరలు నోరు తిరక్క చౌల్ట్రీ చేసుకున్నారని పాత నిఘంటువుల్లో ఉంది. ఊరి చావడిలో నలుగురూ కూర్చుని తగవులు తీర్చేవాళ్ళు, దారినపోయేవాడు అక్కడే గుడ్డ పరుచుకుని పడుకునేవాడు. కుంపిణీ కాలంలో మద్రాసు నల్లవాళ్ళ పేటలో నడిచిన న్యాయస్థానం పేరు కూడా చౌల్ట్రీ కోర్టే.

రైలు రాకముందు మనవాళ్ళు ఎలా ప్రయాణం చేశారో తెలుసుకోవాలంటే ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర చదవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి, కాశీ గయలు చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఇంటి ఆడవాళ్ళూ, పరివారమూ, బోయీలూ అంతా పెద్ద దండు! ప్రతి మజిలీలోనూ ఆయన చూసేది అచ్చంగా మన ఆడవాళ్ళం చూసేదే. దిగడానికి చోటుందా, నీళ్ళు మంచివా, సరుకులు దొరికే అంగడి ఉందా అని. అసలు ఆ పుస్తకంలో దేవుళ్ళ మహిమలకన్నా నూతుల సంగతీ, అంగళ్ళ సంగతీ చదువుతుంటేనే నాకు ఆయన మన ఇంటి పెద్దాయనలా అనిపిస్తారు.

సత్రంలో ఆడవాళ్ళని ఎవరూ ఆపలేదు. తల చెడిన ఆడవాళ్ళు ఏ నలుగురో కలిసి, నడుముకి మూట కట్టుకుని కాశీకీ రామేశ్వరానికీ నడిచి వెళ్ళొచ్చారు. సత్రం ధర్మకర్త అడిగే ప్రశ్న ఒకటే, "మీరెవరు?" అని. అంటే ఏ కులంవారు అని. వంటశాల ఒకరికే, వసారా ఇంకొకరికి, కొందరికి గడప బయటే. మంచిరోజులని పాడుకోవడానికేం లేదు. అయితే ఆ ప్రశ్నకి జవాబు 'తగినది' అయితే చాలు, పక్కన మొగుడున్నాడా లేడా అన్నది వాళ్ళకి పట్టలేదు. తీర్థయాత్ర చేసే ఆడదంటే పుణ్యాత్మురాలు, అంతే.

సత్రం లేని చోట పూటకూళ్ళ ఇల్లుండేది. ఓరుగల్లు పట్నంలో పూటకూటింట ఒక్క రూకకి ఎంత కమ్మని భోజనం పెట్టేవారో క్రీడాభిరామం చెబుతుంది. తరవాత తరవాత ఈ పని చాలా ఊళ్ళలో వెనకా ముందూ లేని ఆడవాళ్ళ చేతిలోకి వచ్చింది. పసుపుకుంకుమలు పోయి, పుట్టింటా అత్తింటా చోటు లేక, చేతిలో ఉన్న విద్య వంటొక్కటే అయినావిడ పొయ్యి రాజేసి పదిమందికి వండిపెట్టి బతికేది. 1892లో మొదటిసారి ఆడిన గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మని తలుచుకోండి. చీపురుకట్ట పుచ్చుకుని ఆవిడ మధురవాణి ఇంటికి వస్తే, అంత వాక్చాతుర్యం గల గిరీశం మంచంకిందకి దూరాడు! మనం ఆ రంగానికి పడీపడీ నవ్వుతాం. నవ్వాక ఒక్క క్షణం ఆగి చూస్తే, విజయనగరం లాంటి పట్నంలో ఊరూపేరూ తెలియని బాటసారులకి తిండి అమ్మి, తన కాళ్ళమీద తను నిలబడ్డ ఆడది కనిపిస్తుంది. లోకం ఆవిణ్ణి ఎన్ని మాటలన్నా ఆ ఇంటి తాళంచెవి ఆవిడ బొడ్లోనే ఉంది.

ఇక రైలొచ్చింది. మద్రాసులో మొదటి స్టేషను సెంట్రల్ కాదు, రాయపురం. 1856లో అక్కడినుంచి వాలాజా రోడ్డుకి బండి నడిచింది. సెంట్రల్ 1873లో వచ్చింది. మన కోస్తావాళ్ళకి మాత్రం మద్రాసు చాలాకాలం దూరమే. బకింగ్‌హాం కాలవలో పడవెక్కి దోమలు కొట్టుకుంటూ పోవాలి, లేకపోతే ఓడెక్కాలి. 1899లో బెజవాడనుంచి రైలుమార్గం పూర్తయ్యాక, రాత్రి బండెక్కితే పొద్దున్నకి మద్రాసు. హైకోర్టులో దావాలకీ, కాలేజీ చదువులకీ, సెక్రటేరియట్‌లో పైరవీలకీ, పెద్దాస్పత్రికీ తెలుగువాళ్ళంతా దిగింది సెంట్రల్లోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా మన రాజధాని అదే కదా! తరవాత కూడా సినిమాల పిచ్చి పట్టిన పిల్లలు దిగింది అక్కడే.

దిగినవాళ్ళకి స్టేషనుకెదురుగా రాజా సర్ సవలై రామస్వామి మొదలియార్ కట్టించిన సత్రం ఉండేది. ఈ మొదలియార్‌గారి పేరే రాయపురంలోని ప్రసూతి ఆస్పత్రికీ ఉంది. ఒకే మనిషి దానంతో ఓ పక్క బాటసారికి నీడా, ఓ పక్క పురిటి మంచమూ. మగమహారాజుల దానాల్లో ఆడవాళ్ళ అవసరం గుర్తొచ్చినవి తక్కువ కాబట్టి చెప్పాను. మన హైదరాబాదులోనూ నాంపల్లి స్టేషను దగ్గర నిజాం ప్రభుత్వం కట్టించిన సరాయి ఉంది.

రైలు విషయంలో నన్ను ఆశ్చర్యపరిచినది ఇంకొకటి. 1890 నాటి రైల్వే చట్టంలో 64వ సెక్షను అని ఒకటుంది. 1891 జనవరి 1 నుంచి మనుషులెక్కే ప్రతి బండిలోనూ, అందులోని అన్నిటికన్నా చవక తరగతిలో, కనీసం ఒక పెట్టె గది ఆడవాళ్ళకే కేటాయించాలి. ఆ బండి యాభై మైళ్ళకి మించి వెళ్ళేదైతే అందులో మరుగుదొడ్డి కూడా ఉండి తీరాలి. చూశారా! ఆ రోజుల్లో చవక తరగతి మగవాళ్ళు దానికోసం స్టేషనెప్పుడొస్తుందా అని చూస్తూ, దిగి పరుగులు పెట్టేవాళ్ళు. ఇంట్లో ఆడదానికి చివర తిండి, చివర స్నానం. రైలుపెట్టెలో మాత్రం ఒక్క విషయంలో మనమే ముందు. దొరలకి మనమీద ప్రేమ కారిపోయి చేశారని కాదు. ఘోషా స్త్రీలు బండెక్కకపోతే టిక్కెట్లు అమ్ముడుపోవని వాళ్ళ భయమేమో. ఎందుకైతేనేం, ఆయా చెప్పిన ధర్మానికి మూలం ఇదే. టిక్కెట్టు కొన్న ఆడది ప్రయాణికురాలు.

అవతలి ధర్మం మరోలా పెరిగింది. సత్రం ఉచితం, మూడురోజులకి మించి ఉండనివ్వకపోవడం చాలాచోట్ల ఆనవాయితీ. వ్యాజ్యం పనిమీద వచ్చినవాడికి మూడురోజులేం సరిపోతాయి? అలా 'బోర్డింగ్ అండ్ లాడ్జింగ్' బోర్డులు లేచాయి. ఉడిపినుంచి వచ్చినవాళ్ళు ఇడ్లీ సాంబారుతో మద్రాసుని జయించారు. పూనమల్లి హైరోడ్డుమీది దాసప్రకాశ్‌లో ఐస్‌క్రీం తిన్నామని చెప్పుకోవడం మా పెళ్ళిళ్ళ కాలంలో ఓ గొప్ప. అందుకే మనకి ఇప్పటికీ హోటలంటే తినే చోటు, పడుకునేది లాడ్జి. ఆ హోటళ్ళలోనూ ఆడవాళ్ళం కూర్చోవాలంటే తెర కట్టిన 'ఫామిలీ రూము' ఉండేది. ఒక్కత్తీ వెళ్తే అది ఫామిలీ ఎలా అవుతుందని సర్వరుకి సందేహం.

స్టేషను దగ్గర లాడ్జికి మరో విచిత్రం, అక్కడ రోజంటే ఇరవైనాలుగు గంటలు. పెద్ద హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండయితే రోజు అయిపోతుంది. ఇక్కడ బళ్ళు వేళాపాళా లేకుండా వస్తాయి కనక, తెల్లవారుజామున మూడింటికి దిగినవాడికి మర్నాడు మూడింటిదాకా గది. అర్ధరాత్రి తలుపు తట్టినా తీయడమే ఆ వ్యాపారానికి ప్రాణం. ఆ ప్రాణం మాత్రం మనకోసం కొట్టుకోలేదు.

పోనీ చట్టమేమైనా అడ్డొచ్చిందా అని చూస్తే, బెంగాలు, పంజాబు మొదలైన ఉత్తరాది ప్రాంతాలకోసం 1867లో చేసిన సరాయిల చట్టం ఒకటి దొరికింది. సరాయి నడిపేవాడు గదులూ, కాలవలూ, నూతులూ శుభ్రంగా ఉంచాలి. దొంగలు పట్టుకుని ఎక్కే చెట్టుకొమ్మలు కొట్టేయాలి. కాపలావాళ్ళని పెట్టాలి. అంటురోగం వచ్చినా, ఎవరైనా పోయినా వెంటనే పోలీసులకి చెప్పాలి. ధరల పట్టీ గోడకి తగిలించాలి. చెట్టుకొమ్మ దాకా ఆలోచించిన ఆ దొర, ఒంటరి ఆడదానికి గది ఇవ్వొద్దని ఒక్క ముక్క రాయలేదు!

మరి ఎక్కడినుంచి వచ్చిందీ ఆచారం? నా మటుకు నాకు తోచినది చెబుతాను. 1956లో ఆడవాళ్ళ అక్రమ వ్యాపారాన్ని అరికట్టడానికి చట్టం వచ్చింది. చాలా అవసరమైన చట్టమే. దాని ప్రకారం అటువంటి పనికి చోటిచ్చినవాడూ నేరస్థుడే. లాడ్జి యజమానికి పోలీసు భయం పట్టుకుంది. మొగుడితో పోట్లాడి వచ్చిన పిల్ల ఫానుకి ఉరేసుకుంటే ఎలా అన్న భయం ఇంకోటి. అబద్ధం పేర్లు రాసి జంటగా వచ్చేవాళ్ళకి గది దొరుకుతుంది, నిజం పేరు రాసే ఒంటరిదానికి దొరకదు! ఆ మూడో లాడ్జి పెద్దాయనమీద నాకు కోపం లేదు. ఆయన చేతిలో రిజిస్టరే ఉంది, న్యాయం లేదు. అయినా ఆ రాత్రి నేను కార్చిన కన్నీళ్ళు నావే కదా.

మనవాళ్ళు ఊరుకోలేదు లెండి. 1937లో దుర్గాబాయిగారు మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లల్ని బెనారస్ మెట్రిక్కి కూర్చోబెట్టారు. క్రైస్తవ యువతీ సంఘంవాళ్ళ వసతిగృహాలు ఎందరికో నీడ అయ్యాయి. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ హాస్టళ్ళకి 1972-73 నుంచి కేంద్రప్రభుత్వం డబ్బివ్వడం మొదలెట్టింది. కానీ ఇవన్నీ ముందే చెప్పి, దరఖాస్తు పెట్టి, ఉండేవాళ్ళకి. రాత్రి తొమ్మిదిన్నరకి బండి దిగినదానికి కాదు.

మొన్నామధ్య మళ్ళీ మద్రాసు, అదే చెన్నై, వెళ్ళాల్సొచ్చింది. స్టేషను పేరు 2019లో మారింది. పక్కనున్న మూర్ మార్కెట్ 1985లోనే కాలిపోయి, ఆ చోట లోకల్ బళ్ళ స్టేషను వచ్చింది. మా మనవడు ఫోనులోనే ఏదో నొక్కి, దగ్గర్లో హోటల్లో గది ఖాయం చేశాడు. నాకు మాత్రం దారంతా గుండె పీచుపీచుమంటూనే ఉంది. నా భయం ఊరికే కాదు. మా స్నేహితురాలి కూతురు ఈమధ్యే ఉద్యోగం ఇంటర్వ్యూకి ఓ ఊరెళితే, డబ్బు కట్టించుకున్న చోటే "ఒంటరి అమ్మాయిలకి ఇవ్వం" అన్నారట. డెబ్బై దాటినదాన్ని, నన్నెవరు అనుమానిస్తారని కాస్త ధైర్యం తెచ్చుకున్నాను.

కౌంటరు దగ్గర ఓ అమ్మాయి ఉంది, ఇరవై అయిదుంటాయేమో. నా ఆధార్ కార్డు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తలెత్తి, "ఒక్కరే వచ్చారా మేడమ్?" అంది.

నలభై ఏళ్ళనాటి చెమట ఒక్కసారిగా పట్టేసింది. "ఒక్కదాన్నే. ఏం?" అన్నాను, గొంతు కాస్త పెద్దదే అయ్యుంటుంది.

ఆ పిల్ల తెల్లబోయి, "ఏం లేదు మేడమ్, పొద్దున టిఫిన్ కూపన్లు ఎన్నివ్వాలో అడిగాను" అంది.

ఒకటి చాలన్నాను.