మిద్దె దిగిన మన్ను, ఎక్కిన బండి

ఎండాకాలం పొద్దున తిరుపతి తీర్థకట్ట వీధి చుట్టుపక్కల నడిస్తే ఎక్కడో ఒక పాత ఇంటిముందు ట్రాక్టర్ ట్రైలరు ఒంటరిగా నిలబడి కనిపిస్తుంది. ఇంజనుండదు, డ్రైవరుండడు. ముందు కొక్కెం కింద స్టాండు, చక్రాలకు అడ్డంగా రెండు రాళ్లు. పైన గడ్డపార దెబ్బ పడినప్పుడల్లా సున్నం దుమ్ము లేస్తుంది. కూలీలు తట్టలతో తెచ్చి ట్రైలర్లో కుమ్మరిస్తుంటారు.

“ఎన్ని లోడ్లు పడతాది మేస్త్రీ?”

“మూడైనా పడతాది సార్. ఇంజను సాయంత్రానికి గానీ రాదు.”

కప్పు విప్పిన రబ్బీసుకు, అంటే శిథిలాల చెత్తకు, బండిని బాడుగకు పిలవడం ఇప్పుడు మనకు మామూలు. కానీ మన తాతల కాలంలో ఈ పద్దు ఇంటి ఖర్చులో ఉండేది కాదు.

సీమలో పాత కప్పు అంటే చౌడు మిద్దె. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెపుల్లలు, ఆకు, ఆపైన మన్ను, అన్నిటికంటే పైన నీళ్లు ఇంకనివ్వని చౌడు. వానలకు ముందు ఏటా కొత్త చౌడు పరిచేవాళ్లు. అడుగు మందాన మన్ను ఉంటే, పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గది నెత్తిన 120 ఘనపుటడుగులు, అంటే అయిదు టన్నులకు పైమాటే. అంత బరువు దించినా చెత్త మిగిలేది కాదు. పనికొచ్చే మన్ను మళ్లీ మిద్దెకే ఎక్కేది, మిగతాది గోడకో, గుంత పూడ్చడానికో పోయేది. దూలం ఇంకో ఇంటికి దూలమయ్యేది, చెదలు తిన్నది పొయ్యిలోకి పోయేది.

పట్నాల్లో ఉన్నవాళ్లు మద్రాసు టెర్రస్ వేయించుకున్నారు. చెక్క దంతెల మీద పలుచటి చిన్న ఇటుకలను అంచుమీద నిలబెట్టి, ఐమూలగా సున్నంతో కూర్చేవాళ్లు. దానిపై ఇటుకజల్లి కలిపిన సున్నం పోసి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చిలకరిస్తూ చెక్కబడితెలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. మరికొందరి ఇళ్ల మీదికి మంగళూరు పెంకు వచ్చింది. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగళూరులో మొదలుపెట్టిన పెంకుల ఫ్యాక్టరీ చలవ అది. ఈ కప్పులు విప్పినా ఎక్కువ భాగానికి గిరాకీ ఉండేది. మంచి పెంకు గొడ్లపాకకు, పాత ఇటుక ముక్క దంచితే కొత్త సున్నంలోకి జల్లి. మిగిలిన మన్నును మోయడానికి గాడిదలు, ఎద్దుల బండ్లు ఉండేవి. మన్ను పని చేసే వడ్డెర కుటుంబాలు గాడిదలతో సహా వచ్చేవి. లెక్క తూరికి ఇంత. తర్వాత ట్రాక్టరొచ్చింది, ‘తూరి’ కాస్తా ‘ట్రిప్పు’ అయింది.

లెక్క తారుమారు చేసింది సిమెంటు స్లాబు. అదే గది మీద అయిదంగుళాల స్లాబు పడితే 50 ఘనపుటడుగులు, దాదాపు మూడున్నర టన్నులు. చౌడు మిద్దె కంటే తేలికే. కానీ పగలగొట్టాక అందులోంచి కమ్మి లాగేస్తే, మిగిలిన పెళ్లలను ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు తక్కువ. చేనుకు పనికిరావు, గోడకు అతకవు. బరువు తగ్గింది, చెత్త పెరిగింది. బాడుగ బండి అక్కడ పుట్టింది.

ఈ చిక్కుకు అమెరికాలో పెట్టెతో జవాబు చెప్పినవాడు జార్జ్ డెంప్‌స్టర్. టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో అన్నదమ్ములతో కలిసి నిర్మాణాల కంపెనీ నడిపేవాడు. కూలీలు నింపేదాకా లారీ ఊరికే నిలబడటం ఆయనకు దండగనిపించింది. ఇనుప పెట్టెను పని దగ్గర దించి వెళ్లిపోవడం, నిండాక లారీయే దాన్ని ఎత్తుకుపోవడం ఆయన పద్ధతి. 1935లో అది ‘డెంప్‌స్టర్ డంప్‌స్టర్’ పేరుతో బయటికొచ్చింది. ఇంటిపేరునూ, కుమ్మరించడమనే అర్థమున్న ‘డంప్’నూ కలిపిన మాట అది. కంపెనీ సొంత పేరు చివరికి అలాంటి ప్రతి పెట్టెకూ పేరైంది. అమెరికాలో ఇంటికప్పు మార్చేవాళ్లు ముందు ఆ పెట్టెను బాడుగకు తెప్పించుకుని వాకిట్లో పెట్టించుకుంటారు.

మన మునిసిపాలిటీల డంపర్ బిన్ను ఆ పెట్టెకు చుట్టమే. రెండు ఇనుప చేతులు చాచి, గొలుసులతో బిన్నును వీపుకెత్తుకునే డంపర్ ప్లేసర్ లారీ చేసేది డెంప్‌స్టర్ చెప్పిన పనే. కానీ అది వీధి చెత్తకు. ఇంటి రబ్బీసుకు సందులో అంత లారీ దూరదు, పెట్టె దించే చోటూ ఉండదు.

అయినా ఆ కిటుకు ఇక్కడికి రాకపోలేదు. తీర్థకట్ట వీధి ట్రైలరును మళ్లీ చూడండి. డ్రైవరు పిన్ను లాగేసి, ట్రైలరును వాకిట్లో వదిలి, ఇంజనుతో ఇంకో ట్రైలరు లాగడానికి వెళ్లాడు. నింపేదాకా బండి కాచుకోనక్కర్లేదు. డెంప్‌స్టర్ పేరు విననివాళ్లు, సందు వెడల్పునూ డీజిలు ఖర్చునూ చూసుకుని అదే తెలివికి చేరుకున్నారు. వాళ్లకు పెట్టె వేరే అక్కర్లేకపోయింది, ట్రైలరే పెట్టె.

మిగిలింది ఎక్కడ కుమ్మరించాలన్న ప్రశ్న. చాలాకాలం దానికి జవాబు ఊరి బయట, చీకటి పడ్డాక దొరికేది. చెరువు కట్ట పక్కన, కాలువ గట్టున. మనకు వానలు దంచేది నవంబరులో. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులవడం చూసినవాళ్లకు, కాలువలో పడ్డ ఒక్కో ట్రిప్పు ఎంత నీటికి అడ్డమో విడమరిచి చెప్పక్కర్లేదు. కేంద్రం 2016 మార్చి 29న నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. రోజుకు 20 టన్నులు, లేదా ఒక పనిలో నెలకు 300 టన్నులు దాటితే కాంక్రీటు, మన్ను, ఇనుము-కట్టె-ప్లాస్టిక్కు, ఇటుక-గార అని నాలుగు రాశులుగా వేరు చేయాలని అవి చెప్పాయి. చిన్న ఇంటివాళ్లు కూడా రోడ్డు మీద, కాలువలో పోయకుండా నిర్ణయించిన చోటికి చేర్చాలన్నాయి. తిరుపతికి ఆ చోటు తూకివాకం. నగరపాలక సంస్థ అక్కడ ఈ శిథిలాలను పొడి చేసి మళ్లీ వాడుకునేలా చేసే ప్లాంటు పెట్టింది.

నాలుగు రాశులంటే కొత్తగా వినిపిస్తుంది గానీ, చౌడు మిద్దె విప్పిన రోజుల్లో మన్ను ఒకచోట, దూలం ఒకచోట, ఆకు ఒకచోట వాటంతటవే పడేవి. ఎవరూ నిబంధన రాయలేదు, ప్రతి రాశికీ కావలసినవాడు వాకిట్లో కాచుకుని ఉండేవాడు.

సాయంత్రం ఇంజనొచ్చింది. డ్రైవరు వెనక్కి నడిపి, పిన్ను వేసి, స్టాండు పైకి మడిచాడు.

“యాడికి తోలమంటారు సార్?”

ఇంటాయన ‘ఎక్కడో ఒకచోట’ అనబోయి, మేస్త్రీ మొహం చూసి ఆగాడు.

“తూకివాకానికి ఎంత తీసుకుంటావప్పా?”