కొవ్వు పంపే కబురు

ఒంట్లో కొవ్వంటే తిన్నది మిగిలి పేరుకున్న నిల్వ, కరువొస్తే అక్కరకొచ్చే గాదె అనే చాలాకాలం అనుకున్నారు. ఆ గాదె కబుర్లు కూడా పంపుతుందని ఎలుకలు చెప్పాయి. 1949లో అమెరికాలోని బార్ హార్బర్‌లో, జాక్సన్ ప్రయోగశాలలో, ఎంత తిన్నా ఆకలి తీరని లావుపాటి ఎలుకలు పుట్టాయి. తర్వాత అక్కడే డగ్లస్ కోల్‌మన్, మధుమేహమున్న మరో రకం లావు ఎలుకను ఆరోగ్యంగా ఉన్న ఎలుకతో పక్కకు పక్క కుట్టి, రెండింటి రక్తం కలిసేలా చేశాడు. ఆరోగ్యంగా ఉన్నది మేత ముట్టడం మానేసి, ఎండిపోయి చచ్చిపోయింది. మధుమేహపు ఎలుకకు 1949 నాటి పాత రకం లావు ఎలుకను కుట్టినా, ఆ పాత రకానికీ అదే గతి పట్టింది. అంటే మధుమేహపు ఎలుక రక్తంలో ‘ఇక చాలు’ అనే కబురు దండిగా ఉంది, అందుకునే శక్తే దానికి లేదు. పాత లావు ఎలుకకు ఆ శక్తి ఉంది, కబురే లేదు. 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ కబురు జన్యువును పట్టుకుంది. కొవ్వు కణాలే తయారుచేసే ఆ హార్మోనుకు లెప్టిన్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే అడిపోనెక్టిన్ బయటపడింది. ఇన్సులిన్ పనికి తోడ్పడే ఈ హార్మోను, విచిత్రంగా, కొవ్వు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

అలాగైతే లావు పిల్లలకు లెప్టిన్ సూదిమందు ఇస్తే సరిపోదా? పుట్టుకతోనే లెప్టిన్ లేని తొమ్మిదేళ్ల పాపకు ఇంగ్లండ్‌లో ఇస్తే 94 కిలోల బరువులో ఏడాదికి 16 కిలోలు తగ్గింది. ఆ వివరాలు 1999లో అచ్చయ్యాయి. కానీ అలాంటి పిల్లలు అతి అరుదు. లావుగా ఉన్న పిల్లల్లో అత్యధికుల రక్తంలో లెప్టిన్ నిండుగానే ఉంటుంది, మెదడే పట్టించుకోదు. కొవ్వు కాలేయంలోకీ కండరాల్లోకీ చేరేకొద్దీ ఇన్సులిన్ మాట చెల్లదు; ఇదే ఇన్సులిన్ నిరోధకత. చక్కెరను అదుపులో ఉంచడానికి క్లోమం మరింత ఇన్సులిన్ పోస్తూ అలిసిపోతుంది.

ఇదంతా బొద్దు పిల్లల సంగతే అనుకుంటే పొరపాటు. చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుణె శిశువులను లండన్ తెల్లజాతి శిశువులతో పోల్చి 2002లో వెల్లడించిన ఫలితాలు చూడండి. పుణె శిశువులు అరకిలోకు పైగా తేలిక. అయినా వీపు మీది కొవ్వు మాత్రం తగ్గలేదు. బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్, లెప్టిన్ వాళ్ల బరువుకు మించి ఉన్నాయి. పిల్లల మధుమేహపు ముప్పును తూకంతో కొలవడం చాలదని నేననేది ఇందుకే.

ఇలా పుట్టడం మన జన్యువుల రాత, చేయగలిగిందేముంది అనేవాళ్లున్నారు. జన్యువుల పాత్ర ఉంది. కానీ హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో 1987–90 మధ్య గర్భిణులకూ పసిపిల్లలకూ అదనపు ఆహారంగా ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13–18 ఏళ్లకు వచ్చాక చూస్తే, ఉప్మా అందని పల్లెల పిల్లలకన్నా ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ. ఒంట్లో కొవ్వు పాళ్లు మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉన్నాయి. పల్లెలను చీటీలు తీసి ఎంచలేదు గనుక ఇదొక్కటే తిరుగులేని రుజువు కాదు. అయినా తల్లి కంచం దగ్గరే పని మొదలుపెట్టడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు. మీ ఊరి అంగన్‌వాడీలో గర్భిణుల కంచంలో రోజూ ఏం పడుతోందో ఒకసారి వెళ్లి చూడండి.